కళ్లు తెరవని రాయి

మా తమ్ముడి కూతురికి మాజీ సైనికుల సంక్షేమ శాఖలో ఉద్యోగం వచ్చింది. ఆర్డరు అందుకున్న రోజే మా ఇంటికొచ్చి, “పెద్దనాయనా, నువ్వు చేసిందీ ఈ పనే గదా. ముందుగా ఏం చదువుకోవల్ల?” అని అడిగింది. చట్టాలూ నిబంధనలూ ఆఫీసువాళ్లే చేతికిస్తారు, చదువుకోక తప్పదు, వాటిలో లేనిది నేను రాసిస్తాను అన్నాను. మాటిచ్చి చాలా రోజులైంది. రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఒకే మనిషి గుర్తుకొచ్చి కలం ఆగేది. ఆయన్ను తప్పించి రాద్దామని చూశాను, కుదరలేదు. అందుకని ఎక్కువగా ఆయన గురించే రాస్తున్నాను.

నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు ఎక్కడికి బదిలీ చేశారు అనేవి ఇందులో ఉండవు. అవి నాకే సరిగా గుర్తు లేవు.

పని ఎలాంటిది

యుద్ధకాలంలో నేను సైన్యంలో గుమాస్తా హవల్దారును. తుపాకి కన్నా కలమే ఎక్కువ పట్టాను. తిరిగొచ్చాక యాభైల మొదట్లో ఈ శాఖలో చేరాను. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, వాటి చుట్టుపక్కల పల్లెలు నావి. రైలు దిగి, బస్సు దొరికితే బస్సు, లేకుంటే కాలినడక. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకూ, తిరిగిరానివాళ్ల ఇళ్లకూ సర్కారు ఏమేమి ఇస్తానందో చెప్పాలి. అందిందో లేదో చూడాలి. ఇవ్వకూడని చోట ఇచ్చుంటే ఆపాలి. ఈ మూడో పని చేసినప్పుడే పైవాళ్లు భుజం తట్టేవాళ్లు.

ఆ చట్టాలు చెడ్డవని నేననను. మంచి మనసుతోనే రాశారు. కానీ అనర్హులు చొరబడకుండా కంచె వేశారు చూడు, ఆ ముళ్లు మొదట గుచ్చుకునేది అర్హుల కాళ్లకే. దొంగవాడు కంచె ఎక్కడ పలచగా ఉందో చూసుకుని వస్తాడు. సరైనవాడు దారిలో నడిచొచ్చి గుచ్చుకుంటాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన సామెత. ఆ పూజారి ఉద్యోగమే మనది అమ్మాయీ, గుర్తుపెట్టుకో.

ధర్మవరంలో చూపు పోయిన సిపాయి ఒకాయన ఉండేవాడు. వాళ్లది మగ్గం ఇల్లు. పొద్దుపోక, ఇంట్లో పట్టునూలు చుట్టే రాట్నం తిప్పుతూ కూర్చునేవాడు. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన అది చూసి, ఈయన సంపాదించుకోగలడు కాబట్టి అంగవైకల్యం తగ్గినట్టే అని రాసేశాడు. కళ్లు లేకపోవడం ఎలా తగ్గుతుందో ఆ అధికారికే తెలియాలి. దాన్ని సరిచేయించేసరికి నా చెప్పులు అరిగాయి. ఆయన మాత్రం రాట్నం ముట్టుకోవడం మానేశాడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే అదే.

హిందూపురం మనిషి ముఖం పెట్టిన వైపు

చూపు పోయినవాళ్లకు మరో నిబంధన ఉండేది. ఏటా డాక్టరు దగ్గరికి పోయి, చూపు ఇంకా లేదని రాయించుకు రావాలి. హిందూపురం అంగట్లో చింతపండు మండీ దగ్గర ఒక ముసలి సిపాయి ఉండేవాడు, రెండు కళ్లూ లేవు. ఆయన్ను ఆసుపత్రికి పిలుచుకుపోవడం నా వంతు. పోయినప్పుడల్లా నవ్వేవాడు.

“ఏం సార్, నా కండ్లు మళ్ళ మొలిచినాయేమో చూసేకి వస్తిరా? మొలిచింటే ఫస్టు నేనే చూస్తా గదా? టార్చిలైటుకు సర్కారు దుడ్లు దండగ.”

మొదటిసారి కలిసినప్పుడు జరిగింది చెబుతాను. నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన నాతో మాట్లాడుతూ నా ఎడమపక్క ఖాళీ జాగా వైపు ముఖం పెట్టాడు. చూపు లేదు కదా, తెలియక అలా తిరిగాడనుకుని మెల్లగా ఆ జాగాలోకి జరిగాను. కాసేపటికి ఆయన ముఖం నేను ముందు కూర్చున్న చోటికి తిరిగింది. మళ్లీ జరిగాను, మళ్లీ తిరిగాడు.

“ఈడుండా తాతా” అన్నాను.

“తెలుసప్పా. మీతోపాటు వచ్చినాయప్ప గూడా ఉండాడు గదా, ఆయప్పకూ చెప్పల్ల గదా” అన్నాడు.

నాతోపాటు ఎవరూ రాలేదు. ఆయన ఆట పట్టించాడో, నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి ఒకటి మాత్రం నేర్చుకున్నాను. చూపు లేనివాళ్లు ముఖం పెట్టిన చోటికి మనం పోయి నిలబడకూడదు. మనం ఉన్న చోటి నుంచే పలకాలి. వాళ్లు ఎవరి వైపు తిరిగారో మనకు తెలుసునని అనుకోకూడదు.

లింగమ్మ మీద వచ్చిన అర్జీ

ఇక అసలు సంగతి. పెనుకొండకు తూర్పున, రామగిరి పాత బంగారు గనుల గుట్టలు కనిపించే వైపు ఒక చిన్న పల్లె. గొర్రెలు మేపుకునేవాళ్లు, మెట్టసాగు చేసేవాళ్లు. ఆ ఊరి పేరు రాయను. అక్కడి నుంచి ఒక సిపాయి బర్మా యుద్ధానికి పోయి కనిపించకుండా పోయాడు. కొంతకాలం చూసి, చనిపోయినట్టే లెక్క అని సైన్యం రాసేసింది. ఆయన పేరు కూడా రాయను. ఎందుకో కాసేపట్లో నీకే తెలుస్తుంది.

ఆయన భార్య లింగమ్మకు నెలనెలా భత్యం వచ్చేది. ఊరి బయట గుట్ట కింద కొంత మెట్టభూమి కూడా ఇచ్చారు. రెండింటికీ ఒకటే షరతు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. చేసుకుంటే భత్యం ఆగుతుంది, భూమి వెనక్కి పోతుంది.

యుద్ధం ముగిసి చాలా ఏళ్లయ్యాక మా ఆఫీసుకు సంతకం లేని అర్జీ ఒకటి వచ్చింది. లింగమ్మ ఒక గుడ్డి బిచ్చగాడికి మారుమనువు పోయిందనీ, అయినా సర్కారు భూమి తింటున్నదనీ అందులో ఉంది. ఆ భూమి మీద కన్నేసినవాడెవడో రాయించి ఉంటాడు. అయినా అర్జీ వస్తే విచారణ తప్పదు.

అప్పుడు మా పైఅధికారి సైన్యంలో కెప్టెనుగా చేసి వచ్చినవాడు. అందరం కెప్టెన్ గారనే వాళ్లం. నేను చూసిన అధికారుల్లో ఆయనంత నిజాయితీపరుడు లేడు, అంత మొండివాడూ లేడు. విచారణ అంటే కోర్టులాగే జరగాలి ఆయనకు. డవాలీ బంట్రోతు మాబుసాబు వరండాలో నిలబడి పేరు మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకూ పలకకపోతే ఆ మనిషి రానట్టే. “పేరే మనిషికి మొదటి రుజువు” అనేవాడు.

పెనుకొండలో మూడు పిలుపులు

పెనుకొండలో ఒక సర్కారు బంగళాలో విచారణ పెట్టారు. వెనకనే కోట కొండ. లింగమ్మ వచ్చింది. నలభైకి దగ్గర పడిన మనిషి, ఎండకు నల్లబడిన ముఖం, మెడలో కొత్త పసుపుతాడు. దాన్ని దాచుకునే ప్రయత్నమేమీ చేయలేదు.

“నువ్వు మళ్లీ పెళ్లి చేసుకున్నావా?” కెప్టెన్ గారు అడిగారు.

“చేసుకుంటి సామీ.”

“ఎవరిని?”

“మొదుట చేసుకున్నాయప్పనే.”

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. కెప్టెన్ గారు నవ్వలేదు.

“ఆయన చనిపోయాడు కదా?”

“సచ్చిపాయె. మళ్ళ పుట్టె.”

“ఎక్కడున్నాడు ఇప్పుడు?”

“ఈడే సామీ. అద్దో, ఆ గోడకాడ.”

గోడ దగ్గర తలగుడ్డ కట్టుకున్న మనిషి ఒకడు గొంతుకూర్చుని ఉన్నాడు. ముఖం సగం కాలి ముడుచుకుపోయింది. రెండు కళ్లూ లేవు. పక్కన వాళ్ల ఊరి పెద్ద హనుమప్ప నిలబడి ఉన్నాడు. కెప్టెన్ గారు సైగ చేశారు. మాబుసాబు గొంతు సవరించుకుని ఆ సిపాయి పేరు పిలిచాడు.

గోడ దగ్గరి మనిషి కదల్లేదు. లింగమ్మ గభాలున చేతులు జోడించింది.

“ఆ పేరుతో పిలవద్దు సామీ, పలకడు. తిప్పన్న అని పిలవండి.”

“సిపాయి పేరు అది కాదే. నీ మొగుడైతే తన పేరుకు తాను పలకాలి కదా? తిప్పన్న అయితే నీ మొగుడు కాదు కదా?”

కెప్టెన్ గారి లెక్కలో తప్పు లేదు. మాబుసాబు రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచాడు.

మూడో పిలుపుకు ఆ గుడ్డి మనిషి తల తిప్పాడు. మా వైపు కాదు, కొండ వైపు. ఎవరో అటు నుంచి పలికితే విన్నట్టు, కాస్త తల వంచి ఆలకించాడు. నాకేమీ వినిపించలేదు. వరండాలో జనం మాత్రం ఒక్కసారిగా మాటలు ఆపేశారు.

కెప్టెన్ గారు తల దించి రాసుకున్నారు. సిపాయి అని చెప్పుకున్న మనిషి సిపాయి పేరుకు పలకలేదు, వితంతువు మారుమనువు పోయినట్టు తానే ఒప్పుకుంది. భూమి వెనక్కి తీసుకునే ముందు నన్ను ఊరికి పోయి ఆఖరి రిపోర్టు ఇమ్మన్నారు.

మాబుసాబు నా దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు. “సార్, నేను మూడోసారి పిలిస్తానే ఎవురో పలికిరి. యాడనుంచో తెలీలా. ఇంగ ఆ పేరు నాతో పిలిపించొద్దు సార్, మీకు దండం పెడతా.”

రాయీ మనిషీ

ఆ ఊరికి నేను మిట్టమధ్యాహ్నం చేరాను. ఆ ప్రాంతంలో చీకటి కన్నా మధ్యాహ్నానికే జనం ఎక్కువ భయపడతారు. పొలాల్లో మనిషి నీడ కనపడదు. గాలి ఆగిపోతుంది. లింగమ్మ చేను దగ్గరికి పోతుంటే గట్టు మీద ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చున్నట్టు కనిపించింది. దగ్గరికి పోతే ఒకటి రాయి.

నడుము ఎత్తు రాయి. పసుపు రాసి కుంకుమ పెట్టి ఉంది. దాని మీద తుపాకి పట్టుకున్న సిపాయి బొమ్మ. చెక్కినవాడు తుపాకిని ఎన్నడూ చూసినట్టు లేడు, దుడ్డుకర్రలా చెక్కాడు. ముఖంలో ముక్కు ఉంది, మీసం ఉంది, కళ్లు లేవు. కళ్లు ఉండాల్సిన చోట నున్నగా వదిలేశాడు. పక్కన ఆ గుడ్డి మనిషి రాయికి ఆనుకుని, బొటనవేలు రాతిబొమ్మ ముఖం మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకు తల తిప్పకుండా, “రాండి సార్” అన్నాడు. నేను ఇంకా నోరు విప్పలేదు.

లింగమ్మ మంచినీళ్లు తెచ్చింది. హనుమప్ప కూడా వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు ముగ్గురూ చెప్పినదాన్ని వరసగా రాస్తాను.

సిపాయి పోయాడని కబురు వచ్చాక ఊరివాళ్లు కర్మ చేశారు. యుద్ధంలో పోయినవాడికి రాయి నిలపడం వాళ్ల ఆచారం. రాయి నిలిపాక ఆ పేరు రాయిదే. ఇంకొకరికి పెట్టరు, ఇంకొకరు ఆ పేరుకు పలకరు. ఏళ్లు గడిచాక, చూపు లేని ఒక మనిషి అడుగుతూ అడుగుతూ ఊళ్లోకి వచ్చి, నేను ఫలానా అన్నాడు. ఊరు తలుపులేసుకుంది.

“ఏం చేయల్ల సార్?” అన్నాడు హనుమప్ప. “కర్మ చేసినోడు నడిసొచ్చె. ఇంట్లోకి రానిస్తే ఇంటికి కీడు. పొమ్మంటే పాపం. అందుకని దిబ్బ మింద పండబెడితిమి. పక్కింటామె వచ్చి చేటెడు తవుడిచ్చి కొనుక్కునె. నీళ్లు పోసి, పసిబిడ్డకు పెట్టినట్ల తిప్పన్న అని పేరు పెడితిమి. ఇంగ కొత్త మనిషి గదా, లింగమ్మకు మళ్ళ తాళి కట్టించల్ల గదా? కట్టిస్తిమి. మాకు తెలిసిన న్యాయం అది.”

బతకని బిడ్డల ఇళ్లలో పుట్టిన బిడ్డను దిబ్బ మీద వేసి, తవుడుకు కొని, తిప్పన్న అనో తవిటయ్య అనో పేరు పెట్టడం నాకూ తెలుసు. నలభై దాటిన సిపాయికి చేయడం మాత్రం అదే వినడం. ఊరు ఆ మనిషిని బతికించుకోవడానికి చేసిన పనే సర్కారు దగ్గర ఆయన్ను చంపేసింది. పాత పేరుకు పలికితే ఊరికి శవం, పలకకుంటే సర్కారుకు దొంగ.

“ఇన్నాళ్లు ఎక్కడున్నావు?” అని ఆయన్ను అడిగాను.

“ఉత్తరాదిన సార్. కండ్లు పోయిన సిపాయీలకు పని నేర్పే ఇండ్లు ఉండాయి గదా, ఆడ కుర్చీలు అల్లుకుంటా ఉంటి. ఆస్పత్రిలో పేరడిగితే గెవనం లేదంటి. ఊరు గూడా చెప్పలా. గుడ్డోన్ని తెచ్చి లింగి మెడకు కట్టేది యాలని.”

“మరి ఎందుకు వచ్చావు?”

“ఎవురో పిలుస్తాండ్రి సార్. దినామూ, పొద్దుగూకే యాళకు. పేరు పెట్టి. ఓర్చుకోలేక వస్తి.”

లింగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. రోజూ పొద్దుగూకే వేళ రాయి ముందు సంగటి ముద్ద పెట్టి ఆ పేరుతో పిలిచేదట ఆమె.

ఆయన్ను హనుమప్ప నీడకు నడిపించుకుపోయాక లింగమ్మ నన్ను ఆపింది. భూమి గురించి, భత్యం గురించి ఒక్క మాటైనా అడగలేదు. రాయి వైపు చూపించింది.

“రాయికి కండ్లు ఆఖరున తెరిపిస్తారు సామీ. కండ్లు తెరిపిస్తే సావు కాయమైనట్ల. అందురూ తెరిపించమనిరి. రాళ్లు కొట్టేటాయప్ప ఉలి పెట్టి ఒగ దెబ్బ ఏసినాడో లేదో, నేను పోయి చెయ్యి పట్టుకుంటి. బతికుండాడేమో, కండ్లు తెరవద్దంటి. అట్లే నిలిపిరి.” ఆమె నీడలో కూర్చున్న మొగుడి వైపు చూసింది. “ఇప్పుడు చూడండి, అట్లే వచ్చినాడు. కండ్లు లేకుండా. నేను ఉలి ఆపినందుకే ఆయప్ప కండ్లు మూసుకపాయెనా? రాయి నిలిపినంక పోయినాయా, అంతకు మునుపే పోయినాయా, అది కనుక్కోని చెప్పండి సామీ. నాకింగేమీ వద్దు.”

వంగి చూశాను. నున్నటి రాతిముఖంలో కుడికన్ను ఉండాల్సిన చోట ఒకే ఒక్క ఉలిగాటు ఉంది. ఇంతకు ముందు ఆయన బొటనవేలు పెట్టుకుని కూర్చున్నది సరిగ్గా దాని మీదే.

నంబరు

తిరిగిపోయే ముందు హనుమప్పను ఒక మాట అడిగాను. “ఆయన పేరుకు కర్మ చేశారు, సరే. నంబరుకు కూడా చేశారా?”

“నంబరా?” అని బుర్ర గోక్కున్నాడు. “దానికేం కర్మలప్పా. అది మాది గాదు గదా, సర్కారుది.”

సైన్యంలో ప్రతి సిపాయికీ ఒక నంబరు ఉంటుంది. పేరు మరిచిపోయినవాణ్ణి చూశాను గాని, నంబరు మరిచినవాణ్ణి చూడలేదు. ఆఫీసుకు పోయి కెప్టెన్ గారికి అంతా చెప్పి, ఈసారి పేరుతో కాకుండా నంబరుతో పిలిపించమన్నాను. “దిబ్బ మీద పడుకోబెట్టారా?” అని రెండుసార్లు అడిగారు. చివరకు, “నంబరు నేర్పించి తెచ్చుండొచ్చు కదా” అన్నారు. “సగమే పిలిపించండి సార్, మిగిలిన సగం పలికే తీరులోనే సిపాయి తెలిసిపోతాడు” అన్నాను.

మళ్లీ పెనుకొండ బంగళా. ఊరు ఊరంతా వచ్చింది. తన మొగుణ్ణి తన మొగుడే అని సర్కారుతో అనిపించుకోవడానికి లింగమ్మ స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. మాబుసాబు చేతిలో నంబరు రాసిన చీటీ ఉంది. పేరు పిలవనక్కర్లేదని చెప్పాక గాని వాడు వరండాలోకి రాలేదు.

వాడు నంబరులో మొదటి సగం చదివి ఆగాడు.

గోడ దగ్గర గొంతుకూర్చున్న మనిషి లేచాడు. లేవడం అంటే లేవడం కాదు, ఎవరో లోపలి నుంచి తాడు లాగినట్టు ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డాడు. మడమలు కలిశాయి. మిగిలిన సగం గట్టిగా చెప్పి, “హాజిర్ సాబ్!” అన్నాడు.

ఆ కేక కోట గోడకు తగిలి తిరిగి వచ్చింది. అది ప్రతిధ్వనే అని నేను ఎవరు అడిగినా చెబుతాను. కాకపోతే ఒక్కటి. ముందు వినిపించింది దూరపు గొంతు, తర్వాత వినిపించింది దగ్గరి గొంతు అని ఆ రోజు అక్కడున్నవాళ్లు చాలామంది అన్నారు. నేను వాళ్లతో వాదించలేదు.

కెప్టెన్ గారు తనకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. తర్వాత ఆ మనిషి పటాలం గురించి, దాని అధికారుల గురించి హిందుస్తానీలో ఏవేవో అడిగారు. సిపాయి తడుముకోకుండా చెప్పాడు. కెప్టెన్ గారు కూర్చుని, చాలాసేపు కలం పట్టుకుని ఆలోచించి, లింగమ్మ ఇంకొకరిని పెళ్లి చేసుకోలేదు, పాత పెళ్లికే రెండోసారి తాళి కట్టించుకుంది, అందువల్ల షరతు తప్పలేదు అని రాశారు. వితంతు భత్యం ఆపి, చూపు పోయిన సిపాయికి రావాల్సింది ఇవ్వాలని, భూమి ఆ ఇంటికే ఉండాలని పైకి పంపారు. మొండివాడే, కానీ మనిషిని కళ్లారా చూశాక కాగితం మార్చుకోగలిగిన మొండివాడు. నీకు అలాంటి అధికారి దొరికితే అదృష్టం.

ధర్మవరం ఆసుపత్రి నుంచి

డాక్టరు పరీక్ష మిగిలింది. తిప్పన్నను నేనే ధర్మవరం పిలుచుకుపోయాను. డాక్టరు చూసి, ఎడమకన్ను గాయంతో పోయింది, కుడికన్నుకు దెబ్బే లేదు, తర్వాత పోయినట్టుంది అన్నాడు. ఒక కన్నుకు దెబ్బ తగిలితే కొన్నాళ్లకు బాగున్న కన్ను కూడా దానికి తోడు పోవడం వైద్యంలో ఉన్నదేనట. రాసిచ్చాడు.

స్టేషనుకు నడుస్తున్నాం. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. ఉన్నట్టుండి ఆగాడు.

“డాక్టరు చెప్పింది నిజం సార్. ఒగ కన్ను గుండు దెబ్బకు పాయె. చానా నెలలు పేరు చెప్పే తెలివి గూడా లేకుండా పడుంటి. తెలివొచ్చేతలికి కుడికన్ను బాగనే కనపడతా ఉండె. ఆస్పత్రిలో మంచం మింద కూసోని బయట చెట్లు చూస్తా ఉంటి. మిట్టమద్దేనం. ఎవురో కంట్లో ఉలి పెట్టి టక్కుమని కొట్టినట్లాయె. ఒగటే దెబ్బ. రెండో దెబ్బ పడతాదేమో అని ఊపిరి బిగబట్టుకోని ఉంటి. పడలా. అంతే, చీకటి.”

ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

“రాయి మొగాన ఏలు పెట్టి చూసిన దినమే నాకు తెలిసె. లింగికి చెప్పొద్దు సార్. యుద్ధంలోనే రెండూ ఒగేసారి పాయెనని చెప్పిండా. ఆ రెండో దెబ్బ పడింటే నేను బతికుండనేమో. ఆయమ్మ చెయ్యి పట్టుకోబట్టే గదా ఆగె. అది చెప్పాలంటే ముందుది గూడా చెప్పల్ల. ఎట్ల చెప్పేది?”

తోడు పోయిన కన్ను అని డాక్టరు మాట నేను మళ్లీ చెప్పాను. “అట్లే గానీ సార్” అన్నాడు. చిన్నపిల్లవాడి మాట కాదనలేక ఒప్పుకున్నట్టు.

లింగమ్మ అడిగినదానికి

ఆర్డరు వచ్చింది. తీసుకుని నేనే ఊరికి పోయాను. శెనక్కాయలు పీకే కాలం. లింగమ్మ చేలో కాయలు దులుపుతోంది. తిప్పన్న గట్టు మీద రాయి పక్కన కూర్చుని ఉన్నాడు. ఆర్డరు చదివి వినిపించాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుని నడుము దగ్గర దోపుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడింది.

“నేనడిగింది కనుక్కుంటిరా సామీ?”

“కనుక్కున్నానమ్మా. రాయి నిలపక ముందే పోయాయి. యుద్ధంలోనే, రెండూ ఒకేసారి. డాక్టరు కూడా అదే రాశాడు.”

ఆమె సంతోషపడుతుందనుకున్నాను. చేతిలోని శెనక్కాయ చెట్టును మెల్లగా దులిపి కుప్పలో వేసింది.

“ఆయప్ప గూడా ఇదే మాట చెప్పినాడు” అంది. “చెప్పేటప్పుడు నా పక్క తిరగలా. పాపం ఆయప్పకు కండ్లు లేవు గదా, యాడున్నానో తెలీక అట్ల చెప్పినాడులే అనుకుంటి.”

నేను శెనక్కాయల కుప్ప వైపే చూస్తున్నాను.

“మీకుండాయి గదా సామీ కండ్లు” అంది లింగమ్మ. “మీరేల నా పక్క చూడరు?”